అటక మీది పదకొండు క్యాసెట్లు

అటక దులుపుతుంటే బిస్కెట్ల డబ్బాలో పదకొండు బుల్లి క్యాసెట్లు బయటపడ్డాయి. ఒకదాని మీద మామయ్యగారి దస్తూరీ: "పాప అన్నప్రాసన, 2003". ఆయన 2006లో పోయారు. అప్పటికి మా ఇంట్లో వీడియో తీసే ఫోన్లు లేవు. ఆయన గొంతు ఉంటే ఇందులోనే ఉండాలి.

వీటిని మినీ డీవీ అంటారు, 1995లో వచ్చాయి. అంతకు ముందు వీహెచ్ఎస్ టేపుకి కాపీ తీస్తే బొమ్మ మసకబారేది. మా పెళ్ళి క్యాసెట్టు అలాగే పాడైంది, పెద్దాడపడుచు కాపీలో నేను కనిపించనే కనిపించను! డీవీలో బొమ్మంతా అంకెలే కాబట్టి ఆ బాధ లేదు. ఆ అంకెల్ని కంప్యూటర్లోకి దించడానికి ఆపిల్ వాళ్ళు మొదలుపెట్టిన ఫైర్‌వైర్ అనే తీగ వాడేవారు. సోనీ దాన్నే ఐలింక్ అంది.

చిక్కేమిటంటే, అది ఫైలు కాపీ చేసినట్టు కాదు. కెమెరాలో టేపు ఆడుతుండాలి, గంట క్యాసెట్టుకి గంట పడుతుంది. గంటకి సుమారు 13 జీబీ! అప్పటి మా కంప్యూటర్ హార్డ్ డిస్కే 40 జీబీ. అందుకే "తర్వాత చూద్దాంలే" అని అటకెక్కించాం.

ఇప్పుడు చూస్తే ల్యాప్‌టాప్‌కి ఆ రంధ్రమే లేదు. కెమెరాకున్న యూఎస్‌బీ ఫొటోలకే పనికొస్తుందట. ఆపిల్ కూడా 2025లో తెచ్చిన మ్యాక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైర్‌వైర్‌ని తీసేసింది. చివరికి మా అమ్మాయి ఒక పాత డెస్క్‌టాప్ సంపాదించి, దానికి ఫైర్‌వైర్ కార్డు బిగించింది. పోయినా పర్లేదనుకున్న క్యాసెట్టు ముందు పెట్టి చూశాం. బొమ్మంతా గళ్ళు గళ్ళు. క్లీనింగ్ క్యాసెట్టు కాసేపు తిప్పాక తేరుకుంది.

అన్నప్రాసన క్యాసెట్టు పెట్టిన రోజు అత్తయ్యగారు పక్కనే వత్తులు చేసుకుంటున్నారు. తెరమీద పుస్తకం, కలం, బంగారం, వాటి ముందు పాప. మామయ్యగారు ఎక్కడా లేరు. కెమెరా పట్టుకున్నది ఆయనే కదా! ఇంతలో వెనకనుంచి వినిపించింది: "పుస్తకం పట్టుకో తల్లీ, పుస్తకం!"

పాప అన్నీ వదిలేసి కెమెరా వైపు పాకింది. ఆయన నవ్వు మొదలవగానే గళ్ళొచ్చి శబ్దం ఆగిపోయింది. అత్తయ్యగారు "మళ్ళీ పెట్టవే" అన్నారు. వెనక్కి తిప్పి రెండోసారి పెడితే నవ్వు పూర్తిగా వచ్చింది.

ఇంకా తొమ్మిది ఉన్నాయి. రోజుకొకటి, మధ్యాహ్నం వంటయ్యాక పెడుతున్నాను.