రాతి మీద మాన్యం, తెర మీద టోకెన్

తమిళనాడులోని ధర్మపురి పురావస్తు ప్రదర్శనశాలలో నిలబెట్టిన రాళ్ల మీద విల్లు ఎక్కుపెట్టిన మనుషులు, కత్తి దూసిన మనుషులు కనిపిస్తారు. తమిళులు వీటిని నడుకల్ అంటారు, తెలుగువాళ్లు వీరగల్లు అంటారు. బొమ్మ పక్కన చెక్కిన నాలుగైదు పంక్తుల్లో వివరం ఉంటుంది. ఫలానా రాజు ఏలుబడిలో ఇన్నో ఏట, ఊరి పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డుపడి ఫలానావాడు పడిపోయాడని రాస్తారు. అలా పడిపోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చే ఆచారం దక్షిణదేశమంతటా ఉండేది. ఆ భూమిని తమిళంలో ఉదిరప్పట్టి అన్నారు, కన్నడంలో నెత్తరుగొడగె అన్నారు. రెండు పేర్లలోనూ నెత్తురే ఉంది. తెలుగు నేల మీద ఇలాంటి భూములన్నిటికీ స్థిరపడిన మాట మాన్యం.

పని ముందు జరుగుతుంది, ప్రతిఫలం తరవాత వస్తుంది. ఎవరు చేశారో, ఏం చేశారో అందరూ చూసేచోట రాసిపెడతారు. ఆ రాతను బట్టి పంపకం సాగుతుంది. ఇప్పుడు క్రిప్టో లోకంలో ఎయిర్‌డ్రాప్ అని పిలుస్తున్న పద్ధతికి మూలసూత్రం కూడా ఇదే. ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌ను మొదట్లో వాడినవారి ఖాతాలు బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ చిట్టాలో నమోదై ఉంటాయి. కొన్నాళ్లకు దాన్ని కట్టినవాళ్లు టోకెన్ అనే సొంత డిజిటల్ నాణేన్ని విడుదల చేసి, కొంత భాగాన్ని ఆ ఖాతాలకు ఉచితంగా పంచుతారు.

పాత ధర్మపురి పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజిని సంగం సాహిత్యం ఏడుగురు మహాదాతల్లో ఒకడిగా లెక్కించింది. ఆయుష్షు పెంచే ఉసిరికాయ చేతికి దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చాడన్న కథ తమిళనాట పిల్లలకు కూడా తెలుసు. అది దానం, ఇచ్చేవాడి మనసు మీద నడిచేది. మాన్యం అలాంటిది కాదు, అది చేసిన పనికి లెక్క. ఈ రెంటికీ ఉన్న తేడా గమనిస్తే ఎయిర్‌డ్రాప్‌ల పదేళ్ల చరిత్ర సులువుగా అర్థమవుతుంది.

ఆ లెక్కకు తగడూరులోనే మంచి ఉదాహరణ ఉంది. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని హేమావతి రాజధానిగా ఏలిన నొళంబులు తొమ్మిదో శతాబ్దానికి ధర్మపురి దాకా వచ్చారు. క్రీ.శ. 893 నాటి కన్నడ శాసనం ప్రకారం నిధియణ్ణ, చండియణ్ణ అనే ఇద్దరు వర్తకులు తగడూరులో జైన బసది కట్టించారు. నిధియణ్ణకు మహేంద్ర నొళంబుడు మూలపల్లి అనే ఊరిని ఇచ్చాడు. ఆ ఊరి రాబడిని అతను బసది మరమ్మతులకు, పూజలకు అప్పగించాడు. రాయలసీమలో చెరువు తవ్వించినవారికి, కట్ట బాగుచేసేవారికి దక్కిన దశబంధ ఇనాములూ ఈ కోవలోవే. చెరువు నిలిచినంత కాలం దాన్ని చూసుకున్న మనిషికి పంటలోనో, భూమిలోనో వాటా ఉండేది.

క్రిప్టోలో పేరుమోసిన తొలి ఎయిర్‌డ్రాప్ మాత్రం దానంగా మొదలైంది. 2008లో ఐస్‌లాండ్ బ్యాంకులు కూలాక ఆ దేశం సొమ్ము బయటికి పోకుండా ఆంక్షలు పెట్టింది. దానికి విరుగుడుగా బాల్డర్ ఫ్రిగ్యార్ ఓడిన్సన్ అనే మారుపేరు గల వ్యక్తి అరోరాకాయిన్ తయారుచేశాడు. 2014 మార్చి 25 నుంచి దేశ పౌరుల్లో ఎవరైనా తమ గుర్తింపు సంఖ్య చూపి తలా 31.8 నాణేలు తీసుకోవచ్చన్నాడు. తీసుకున్నవారిలో చాలామందికి దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలియలేదు. అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేక కొద్ది వారాల్లోనే ధర కుప్పకూలింది. పుట్టిన దేశం తప్ప మరే అర్హతా అడగని నాణెం మీద అందుకున్నవారికి మమకారం కలగలేదు.

దానం మాన్యంగా మారింది 2020 సెప్టెంబరులో. న్యూయార్క్‌కు చెందిన హేడెన్ ఆడమ్స్ 2018 నవంబరులో యూనిస్వాప్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశాడు. మధ్యలో దళారీ లేకుండా ఒక టోకెన్ ఇచ్చి మరొకటి తీసుకునే సంత అది. రెండేళ్లకు సుషీస్వాప్ అనే పోటీదారు అదే కోడ్‌ను నకలు తీసి, సొంత టోకెన్ ఎర చూపి యూనిస్వాప్ మదుపరులను లాక్కోవడం మొదలుపెట్టింది. యూనిస్వాప్ జవాబు గట్టిగానే వచ్చింది. సెప్టెంబరు 1కి ముందు ఒక్కసారైనా ఆ సంతలో అడుగుపెట్టిన ప్రతి ఖాతాకు 400 యూఎన్ఐ టోకెన్లు ఇచ్చింది. మార్పిడి చేయబోయి విఫలమైన దాదాపు 12 వేల ఖాతాలను కూడా వదల్లేదు. మొత్తం వంద కోట్ల టోకెన్లలో 15 కోట్లు పాత వాడుకరులకు పోయాయి. మొదటి రోజుల్లో టోకెన్ మూడు డాలర్లు పలికింది. అంటే ఒక్కో ఖాతాకు సుమారు 88 వేల రూపాయలు. మరుసటి మే నెలలో అదే టోకెన్ 40 డాలర్లు దాటింది.

ఎవరూ ఆశించకుండా చేసిన పనికి వచ్చిన ప్రతిఫలం కాబట్టి దానికి అంత పేరొచ్చింది. ఆ పేరే తరవాతి చిక్కుకు బీజం వేసింది. ముందు వాడినవాడికి మాన్యం దక్కుతుందని ఊరంతటికీ తెలిశాక, మాన్యం కోసమే వాడేవాళ్లు పుట్టుకొచ్చారు. ఒకే మనిషి వందల ఖాతాలు తెరిచి, వాటి మధ్య డబ్బు అటూ ఇటూ తిప్పి, వంద మందిలా కనిపించడం వృత్తిగా మారింది. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని సిబిల్ దాడి అంటారు. అనేక వ్యక్తిత్వాలున్న ఒక స్త్రీ గురించి 1973లో వచ్చిన పుస్తకం పేరు నుంచి తీసుకున్న మాట ఇది. బ్యాంకులు అడిగే సిబిల్ స్కోరుకూ దీనికీ సంబంధం లేదు.

ఈ చిక్కు మద్రాసు ప్రెసిడెన్సీకి కొత్త కాదు. 1792 శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాన్ చేతిలోని బారామహల్, అంటే ధర్మపురి ఉన్న ప్రాంతం, ఈస్టిండియా కంపెనీకి వచ్చింది. దాని బాధ్యత తీసుకున్న అలెగ్జాండర్ రీడ్‌కు ముగ్గురు సహాయకులు. వారిలో థామస్ మన్రో ఏడేళ్లు ఈ ప్రాంతంలోనే పనిచేశాడు. ఊరి పెద్దతో, పాలెగాడితో కాకుండా ఒక్కో రైతుతో నేరుగా లెక్క కట్టే రైతువారీ పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకుంది. దాన్నే మన్రో 1800లో దత్త మండలానికి తీసుకెళ్లాడు. ఆ మండలంలో భాగమైన రాయలసీమలో ఆయన్ను మన్రోలయ్యగా తలచుకున్నారు.

ప్రతి చెక్కకూ లెక్క తేలేసరికి పన్ను లేని ఇనాములు ఎన్ని ఉన్నాయో బయటపడింది. వాటిలో నిజమైనవి ఎన్ని, దొంగ కాగితాలతో సృష్టించినవి ఎన్ని అన్నది పెద్ద ప్రశ్న అయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఒక్కో ఇనాం ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉందని కమిషన్ విచారించింది. అసలు పట్టా లేకపోయినా 50 ఏళ్ల అనుభవం రుజువైతే చాలని ఒప్పుకుంది. చాలా ఇనాములకు కట్టుబడి అనే కొద్దిపాటి పన్ను విధించి హక్కుపత్రం ఇచ్చింది. ఆ విచారణలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లను ఆంధ్ర కోర్టులు భూవివాదాల్లో ఇప్పటికీ తిరగేస్తాయి.

2023లో ఆర్బిట్రమ్ చేసింది ఇంచుమించు అదే విచారణ. ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద లావాదేవీలు చౌకగా జరిపించే ఈ వ్యవస్థ ఫిబ్రవరి 6 నాటి చిట్టాను ఆధారంగా తీసుకుంది. ఎన్ని వేర్వేరు నెలల్లో వాడారు, ఎన్ని లావాదేవీలు చేశారు, ఎంత సొమ్ము నిలిపారు అని ఒక్కో ఖాతాకు మార్కులు వేసింది. కనీసం మూడు మార్కులు వచ్చినవాటినే లెక్కలోకి తీసుకుంది. మూకుమ్మడిగా తెరిచినట్టు కనబడ్డ ఖాతాలను తీసేసింది. చివరికి 6,25,143 ఖాతాలు మిగిలాయి. ఒక్కోదానికి 625 నుంచి 10,250 వరకు టోకెన్లు దక్కాయి. 2024 మేలో లేయర్‌జీరో అనే మరో క్రిప్టో వ్యవస్థ ఇంకో అడుగు వేసింది. దొంగ ఖాతాలు నడిపినవారు తామంతట తామే ఒప్పుకుంటే రావలసిన దానిలో 15 శాతం ఇస్తామని రెండు వారాల గడువు పెట్టింది. అదే ఏడు నవంబరు 29న హైపర్‌లిక్విడ్ అనే ఇంకో వ్యవస్థ తన టోకెన్లలో 31 శాతాన్ని నేరుగా వాడుకరులకు పంచింది. పెట్టుబడి సంస్థలకు వాటా పెట్టలేదు.

ఇంత చరిత్ర చూశాక లాభపడే దారి ఏమిటో తెలుస్తుంది. నిజంగా అవసరమై వాడిన మనిషి జాడ చిట్టాలో నెలల తరబడి కనిపిస్తుంది. ఒక్కరోజులో యాభైసార్లు నొక్కిన ఖాతా వడపోతలో రాలిపోతుంది. కాబట్టి ఒకటి రెండు వ్యవస్థలను ఎంచుకుని, పోయినా బతుకు దెబ్బతినని చిన్న మొత్తంతో, ఒకే ఖాతా నుంచి నిలకడగా వాడేవారికే అవకాశం ఎక్కువ. లావాదేవీల రుసుము వచ్చే ప్రతిఫలాన్ని మింగెయ్యకుండా ముందే లెక్క వేసుకోవాలి. ప్రతిఫలం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. వచ్చినా ధర నిలుస్తుందన్న నమ్మకం లేదు. మొదట్లో డాలరు పైన పలికిన ఆర్బిట్రమ్ టోకెన్ 2025 మధ్యకు అర డాలరు లోపే ఉంది.

దొంగ కాగితాల కాలానికి దీటుగా ఇప్పుడు దొంగ పేజీలున్నాయి. టోకెన్లు దాచుకునే వాలెట్‌లోకి అడగకుండానే ఓ తెలియని టోకెన్ వచ్చిపడుతుంది. దాన్ని అమ్మడానికి ఫలానా చోట నొక్కమంటుంది. నొక్కి అనుమతి ఇస్తే ఉన్న సొమ్మంతా ఖాళీ అవుతుంది. పొదుపు సొమ్ము ఉన్న వాలెట్‌ను ఎయిర్‌డ్రాప్‌ల జోలికి తేకుండా, వాటి కోసం వేరే వాలెట్ పెట్టుకోవడం ఈ రంగంలో ఉన్నవాళ్ల మొదటి జాగ్రత్త. వాలెట్‌ను తిరిగి తెరిచే 12 లేదా 24 పదాల రహస్య మాలను అసలు సంస్థ ఎన్నడూ అడగదు. అడిగారంటే అది మోసమే.

కట్టుబడి ఇప్పుడూ ఉంది. డిజిటల్ ఆస్తి అమ్మగా వచ్చిన లాభం మీద 2022 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. అదే ఏడు జులై 1 నుంచి అమ్మకం విలువలో ఒక శాతాన్ని మూలంలోనే కోస్తున్నారు. ఒక దానిలో వచ్చిన నష్టాన్ని ఇంకో దాని లాభంలో తీసేసుకోవడం కుదరదు. ఉచితంగా అందిన డిజిటల్ ఆస్తి విలువ 50 వేల రూపాయలు దాటితే, అందుకోవడమే ఆదాయం కింద లెక్కకు రావచ్చు. టోకెన్ చేతికొచ్చిన తేదీ, ఆనాటి ధర రాసిపెట్టుకోనివారు రిటర్నుల వేళ ఇబ్బంది పడతారు.

ఆర్బిట్రమ్ తన టోకెన్లు తీసుకోవడానికి 2023 సెప్టెంబరు 24 దాకా ఆరు నెలలు గడువిచ్చింది. గడువు ముగిసేనాటికి సుమారు 6.9 కోట్ల టోకెన్లను అడిగినవారు లేరు. అర్హత ఉన్న ఆ ఖాతాల పేర్లు చిట్టాలో అలాగే ఉన్నాయి, వాటికి రావలసినది మాత్రం ఉమ్మడి ఖజానాకు మళ్లింది.