రొగ్గెన్‌బియర్: బవేరియా రై బీరు రుచిలో చరిత్ర ఎంత?

రై ధాన్యపు మాల్టుతో తయారయ్యే బీరును జర్మన్లు ‘రొగ్గెన్‌బియర్’ అంటారు. ఉత్తరాది వంటకాల్లో ‘రాయీ’ అన్న పేరుతో వినిపించే ఆవాలకూ ఈ రైకీ సంబంధం లేదు. ఇది గోధుమకు దగ్గరి బంధువైన తృణధాన్యం. చలిని ఓర్చుకుంటుంది, సారంలేని నేలలోనూ పండుతుంది. రోమన్ రచయిత ప్లినీ దీనిని ఆకలి చావును తప్పించుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాని తిండిగా చిన్నచూపు చూశాడు. ఆ తిండే మధ్యయుగాల నాటికి జర్మన్ సామాన్యుని రొట్టె అయింది. నేడు చిన్న బ్రూవరీలు రై బీరును అమ్మేటప్పుడు సీసాపై ‘మధ్యయుగాల బీరు’ అన్న అర్థం వచ్చే మాటలు ముద్రించడం పరిపాటి. ఆ మాటలో నిజమెంతో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

సాధారణంగా చెప్పే కథ ఇది: 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా ప్రభువులు నాలుగవ విల్‌హెల్మ్, పదవ లుడ్విగ్ ఒక శాసనం వెలువరించారు. బీరులో బార్లీ, హాప్స్ పూలు, నీరు తప్ప మరేదీ వాడరాదన్నారు. గోధుమ, రై రొట్టెకే మిగలాలన్నది వారి ఉద్దేశం. దాంతో రై బీరు అంతరించింది. ఈ కథలో మొదటి రెండు వాక్యాలకే శాసన పాఠం నేరుగా ఆధారమిస్తుంది. ఆ పాఠంలో రై పేరు లేదు. శాసనం మొదలయ్యేది ధరలతో: శీతకాలంలో ఒక కొలత బీరు ఒక ఫెనిగ్‌కు, వేసవిలో రెండు ఫెనిగ్‌లకు మించి అమ్మరాదు. ‘శుద్ధి శాసనం’ అన్న పేరు కూడా ఆనాటిది కాదు, 1918లో బవేరియా శాసనసభ చర్చలో పుట్టినది. రొట్టెను కాపాడటమే కారణమన్నది చరిత్రకారుల ఊహ. సహేతుకమైన ఊహే, కానీ దానికి అడ్డుపడే సాక్ష్యం ఒకటుంది.

ఆ సాక్ష్యం గోధుమ బీరు. రొట్టెకు రై ఎంత అవసరమో గోధుమ కూడా అంతే అవసరం. అయినా పదహారవ శతాబ్దంలోనే డేగెన్‌బెర్గ్ అనే ప్రభువంశానికి గోధుమ బీరు కాచుకునే ప్రత్యేక హక్కు దక్కింది. 1602లో ఆ వంశం వారసుడు లేకుండా ముగియగానే మొదటి మాక్సిమిలియన్ ఆ హక్కును తన ఆస్థానానికి తెచ్చుకున్నాడు. 1607లో కెల్‌హైమ్‌లో గోధుమ బీరు కర్మాగారం నెలకొల్పాడు. ఈ గుత్తాధిపత్యం ఖజానాకు ప్రధాన ఆదాయ మార్గమైంది. పద్దెనిమిదో శతాబ్దం చివరివరకూ కొనసాగింది. రొట్టె కోసమే నిషేధమైతే ప్రభువు కర్మాగారంలోకి వెళ్లే గోధుమ రొట్టె కాకుండా పోలేదా? నా దృష్టిలో రై ఓడిపోవడానికి కారణం ధాన్యపు కొరత ఒక్కటే కాదు. గోధుమకు దొరికిన రాజాశ్రయం దానికి దొరకలేదు.

ఇంకొక సవరణ కూడా అవసరం. బవేరియా శాసనం బవేరియాకే. దాని సరిహద్దులకు అవతల రష్యాలో క్వాస్, ఫిన్లాండులో సాహ్తి వంటి పానీయాల్లో రై కొనసాగింది. ఉత్తర జర్మనీలో రైని బట్టీపెట్టి ‘కోర్న్’ అనే సారాయి తీశారు. కాబట్టి రై పానీయం లోకంలో లేకుండా పోలేదు. బవేరియా బీరు నుండి తొలగింది, అంతే.

తయారీలో రైకి ఉన్న స్వభావమూ దానికి అనుకూలించలేదు. బార్లీ గింజకు అంటిపెట్టుకున్న పొట్టు ఉంటుంది. మాల్టును వేడినీటిలో నానబెట్టి తీపి ద్రవాన్ని వడకట్టేటప్పుడు ఆ పొట్టే జల్లెడగా పనిచేస్తుంది. రైకి ఆ పొట్టు లేదు. పైగా అందులోని బీటా గ్లూకాన్లు, పెంటోసాన్లు నీటిలో ఉబ్బి జిగురవుతాయి. ద్రవం గంజిలా చిక్కబడి ధార కట్టదు. ప్రభువు నిషేధించకపోయినా దీనితో బీరు కాచడం తేలిక పని కాదు.

ప్రస్తుత రొగ్గెన్‌బియర్ వయస్సు నాలుగు దశాబ్దాల లోపే. 1988లో రేగెన్స్‌బర్గ్ సమీపంలోని షీర్లింగ్ బ్రూవరీ దీనిని మళ్లీ మార్కెట్‌లోకి తెచ్చింది. దీనికి చట్టం కూడా అడ్డుకాలేదు. 1906 నాటి బీరు పన్ను చట్టం పైకి తేలే ఈస్టుతో పులియబెట్టే బీర్లలో బార్లీయేతర మాల్టును అనుమతించింది. ఈ రకంలో మాల్టులో సుమారు సగమైనా రై ఉండాలన్నది నేటి సాధారణ ప్రమాణం.

ఇక రుచి. గ్లాసులో పోస్తే రాగి రంగు నుండి ముదురు గోధుమ రంగు వరకు, కాస్త మసకగా, దట్టమైన నురగతో కనబడుతుంది. మొదట తగిలేది అరటిపండు, లవంగాల వాసన. చాలామంది దీనిని, ముఖ్యంగా లవంగపు ఘాటును, రైకి ఆపాదిస్తారు. అది సరికాదు. ఆ రెండూ గోధుమ బీరు ఈస్టు పులిసేటప్పుడు పుట్టించే పదార్థాలు: అరటి వాసన ఐసోఎమైల్ ఎసిటేట్‌ది, లవంగం వాసన 4-వినైల్ గ్వాయకోల్‌ది. రై ‘ఘాటుగా’ ఉంటుందన్న నమ్మకం మరోచోట నుండి వచ్చింది: జర్మన్ రై రొట్టెలో సీమజీలకర్ర వేయడం అలవాటు. రొట్టెలోని దినుసు ఘాటును నాలుక ధాన్యానికి అంటగట్టింది. 1616 నాటి బవేరియా ఉత్తర్వు సీమజీలకర్రను బీరులోనూ అనుమతించిందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం. శుద్ధి పేరిట నేడు కొనియాడే శాసనం నూరేళ్లకే సడలింది మరి.

ఈ రెండు వాసనలనూ పక్కనపెట్టి చూస్తే రైది అనదగినవి మిగులుతాయి: నోటిలో నిలిచే చిక్కదనం, మాడీ మాడని రొట్టె పైపొర రుచి, చివర లేత పులుపుతో కూడిన మట్టి వాసన. ఈ మూడింటికీ మూలం ధాన్యమే గనుక మధ్యయుగపు తాగరికీ ఇవి కొంత పరిచయమై ఉండవచ్చు. లవంగం, అరటి వాసనలు మాత్రం ఆస్థానం ఆదరించిన గోధుమ బీరు సంప్రదాయం నుండి 1988 తరువాత రైకి అరువుగా వచ్చినవి.