భూప్రకంపనల నుంచి పటాలు, బొమ్మలు పదిలం ఇలా

మదనపల్లె: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో భారీ భూకంపాలు అరుదు. స్వల్ప ప్రకంపనలు మాత్రం కొత్త కాదు. 2021 నవంబరు 29 తెల్లవారుజామున 3.6 తీవ్రతతో భూమి కంపించింది. వేలూరుకు పశ్చిమ నైరుతి దిశలో 59 కిలోమీటర్ల దూరాన, కుప్పం పరిసరాలకు చేరువలో దీని కేంద్రం నమోదైంది.

ఇంతటి ప్రకంపనలకు సాధారణంగా గోడలు కూలవు. కానీ అర అంచున పెట్టిన జాడీ, ఒంటి మేకుకు వేలాడే పటం నేలపాలు కావచ్చు. పెద్ద ముప్పు లేదని ధీమా పడటమూ తగదు. సురక్షితమని భావించిన దక్కన్ పీఠభూమిలోనే 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి వద్ద సంభవించిన భూకంపం వేలాది మందిని బలిగొంది. 2001 జనవరి 26న గుజరాత్‌ను కుదిపిన భూకంపంలో భుజ్‌లోని కచ్ మ్యూజియం, ఐనా మహల్ దెబ్బతిన్నాయి.

బీరువాలు, అరలు: ఎత్తయిన బీరువాలను, షోకేసులను ఇనుప ఎల్ యాంగిళ్లు, మరలతో గోడకు బిగించాలి. బరువైన పాత్రలు, పింగాణీ జాడీలను కింది అరల్లోనే ఉంచాలి. నున్నని రాతి అరల నుంచి వస్తువులు జారిపడకుండా అంచున సన్నని చెక్కపట్టీ అమర్చాలి. షోకేసు తలుపులకు గడియ తప్పనిసరి.

పటాలు: తంజావూరు చిత్రాలు, పెద్దల ఫొటోలను రెండు కొక్కేలకు గట్టి తీగతో వేలాడదీయాలి. తీగ జారిపోకుండా కొక్కెం మూతి మూసి ఉండాలి. మంచం, ఊయల పైన గాజు పటాలు ఉంచరాదు.

మట్టి బొమ్మలు: పుంగనూరు, కుప్పం నడుమనున్న పలమనేరు టెర్రకోటకు ప్రసిద్ధి. ఈ బొమ్మలు పలు ఇళ్లలో కనిపిస్తాయి. పొడవాటి పూలకుండీల అడుగున ఇసుక నింపితే సులువుగా ఒరిగిపోవు. మ్యూజియాల్లో ప్రతిమల అడుగున ప్రత్యేక మైనం అద్ది నిలుపుతారు. పూత లేని మట్టి బొమ్మలకు మైనం మరక పడుతుంది కనుక వాటిని మెత్తని గుడ్డ పరిచిన పళ్లెంలో, కింది అరలో ఉంచడం మేలు.

కంపించిన తర్వాత: భూమి కదులుతున్నప్పుడు వస్తువులను పట్టుకునేందుకు పరుగెత్తరాదు. గట్టి బల్ల కింద తలదాచుకోవాలి. మళ్లీ ప్రకంపనలు రావచ్చు కనుక షోకేసు తలుపులను మెల్లగా తెరవాలి. చెప్పులు వేసుకున్నాకే గాజు పెంకులు ఏరాలి. పగిలిన బొమ్మ ముక్కలన్నీ ఒకేచోట భద్రపరిస్తే నిపుణులు అతికించేందుకు వీలుంటుంది. విలువైన వస్తువులకు ముందే ఫొటోలు తీసి ఉంచుకుంటే అతికే వేళ అవి ఆధారమవుతాయి.