రంగపు చమురు, పారశీకపు చమురు

గోపాలపట్నము వంటి ఉత్తరాంధ్ర గ్రామములలో ఒకప్పుడు "రంగము పోవుట" అనగా కూలికై ఓడ యెక్కి బర్మాకు వెళ్ళుట. రంగూనే మనవారి నోట రంగమైనది. విశాఖపట్నము, భీమునిపట్నము, కాకినాడ రేవులనుండి వెళ్ళిన ఆ తెలుగువారిని బర్మీయులు కోరంగి రేవు పేరిట "కొరంగీలు" అనిరి. వారు చెమటోడ్చిన దేశము చమురు దేశము. దాని చరిత్రను పారశీక దేశపు చరిత్రతో పోల్చి చూచిన, భూగర్భ సంపద యెవరికి దక్కునో మనకు తెలియగలదు.

బర్మాలో ఐరావతీ తీరమున యెనాంగ్యాంగ్ వద్ద, కంపెనీలు రాకముందే చేతితో త్రవ్విన చమురుబావులు ఉండెను. వానిపై 24 కుటుంబములకు వంశపారంపర్యపు హక్కు కలదు. 1886లో బ్రిటిషువారు ఉత్తర బర్మాను కలుపుకొనిరి. ఆ యేడే స్కాట్లండులో బర్మా ఆయిల్ కంపెనీ వెలసెను. ముడిచమురు గొట్టముల ద్వారా రంగూను చెంతనున్న సిరియం చేరెడిది. అచటి శుద్ధి కర్మాగారములలో భారతీయ కూలీలు పెక్కుమంది. అచట తయారైన కిరసనాయిలే మన యిండ్ల లాంతర్లలో వెలిగినది.

పారశీకమున 1901లో డార్సీ అను ధనికుడు 60 ఏండ్ల హక్కు సంపాదించెను. ఆ దేశమునకు దక్కవలసినది నికర లాభములో నూటికి 16 పాళ్ళు మాత్రమే. అతని ధనము అడుగంటగా 1905లో బర్మా ఆయిల్ కంపెనీయే ఆదుకొనెను. 1908 మే 26న మస్జిద్ సులేమాన్ వద్ద చమురు పడెను. అనగా బర్మా బావుల రాబడి బర్మా పల్లెలకు గాక, పారశీకపు ఎడారిలో క్రొత్త బావులకు పెట్టుబడియైనది!

పిదప రెండు దేశముల దారులు వేరైనవి. 1942లో జపానుసేనకు చిక్కరాదని బ్రిటిషువారు యెనాంగ్యాంగ్ బావులను, సిరియం కర్మాగారమును ధ్వంసము చేసిరి. లక్షలాది భారతీయులు బర్మా విడిచిరి. అడవులవెంట కాలినడకన బయలుదేరినవారిలో వేలమంది దారిలోనే అసువులు బాసిరి. 1963లో కంపెనీ ప్రభుత్వపరమగు నాటికి పాత బావుల ప్రాభవము తగ్గినది. పారశీకమో, 1951లో మొసద్దిఖ్ నాయకత్వమున చమురును జాతీయము చేసినది. 1953లో విదేశీయుల కుట్రవలన ఆయన పదవి కోల్పోయెను.

నేడు ఇరాను సహజవాయు నిల్వలలో ప్రపంచమున రెండవది. ఆంక్షల బాధ యున్నను, తన వాయువులో అధికభాగమును తన యిండ్లకు, పరిశ్రమలకే వినియోగించుచున్నది. మియన్మారు తన వాయువులో అధికభాగమును థాయిలాండునకు, చైనాకు అమ్ముచున్నది. దాని పల్లెలు పెక్కింట విద్యుత్తు కొరత తీరలేదు. నిల్వల పరిమాణమున భేదము కలదు, నిజమే. కాని అభివృద్ధిని నిర్ణయించునది ఆ యొక్కటే కాదు; ఇంధనము ముందుగా ఎవరి పొయ్యికి చేరుచున్నది అనునదియు ముఖ్యమే.

ఈ ప్రశ్న విశాఖకును వర్తించును. 1957లో ఇచట కాల్టెక్సు కంపెనీ చమురుశుద్ధి కర్మాగారము పనిచేయనారంభించెను; 1976లో అది భారత ప్రభుత్వపరమయ్యెను. 2015లో కొండరాతి గుహలలో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచు వసతి యేర్పడెను. నాడు సిరియం కిరసనాయిలునకై ఎదురుచూచిన తీరమే నేడు దేశమునకు చమురు శుద్ధిచేసి యిచ్చుచున్నది. రంగమునకు పోయి తిరిగిరానివారిని తలచుకొనునపుడు, ఈ మార్పు విలువ మనకు మరింత స్పష్టమగును.