కంటిగూటి మ్యూకర్‌మైకోసిస్

రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ముక్కు, సైనస్‌ల నుంచి కంటిగూటికి పాకే ఫంగస్ వ్యాధి. వాడుకలో బ్లాక్ ఫంగస్. రైజోపస్ వంటి మ్యూకరేలిస్ వర్గపు శిలీంధ్రాలు దీనికి కారకాలు. మట్టిలో, కుళ్లే పదార్థాల్లో ఉండే వీటి బీజాలు శ్వాసతో లోపలికి చేరతాయి. అదుపు తప్పిన మధుమేహం, స్టెరాయిడ్ల అధిక వాడకం, రక్త క్యాన్సర్, అవయవ మార్పిడి ముప్పును పెంచుతాయి. శిలీంధ్రం రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి ప్రసరణను అడ్డుకోవడంతో కణజాలం చచ్చి నల్లబడుతుంది. కంటినొప్పి, వాపు, రెప్ప వాలిపోవడం, ఒకే వస్తువు రెండుగా కనిపించడం, చూపు తగ్గడం ప్రధాన లక్షణాలు. మెదడుకు పాకితే ప్రాణాంతకం. యాంఫోటెరిసిన్-బి అనే ఫంగస్ నిరోధక మందు ఇస్తూ, చెడిన కణజాలాన్ని శస్త్రచికిత్సతో తొలగిస్తారు. వ్యాధి ముదిరితే కన్ను తీసివేయవలసి రావచ్చు. కోవిడ్ రెండో దశలో, 2021 మేలో, తెలంగాణ ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద దీన్ని తప్పనిసరిగా నివేదించాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్‌లోని కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి చికిత్సకు నోడల్ కేంద్రమైంది. ఈ వ్యాధి మనిషి నుంచి మనిషికి సోకదు.