తెలుగులో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వివాదం

కంప్యూటర్‌లో తెలుగు రాయడానికి, చదవడానికి, అచ్చువేయడానికి కావలసిన ఖతులు (ఫాంట్లు), టైపింగ్ పరికరాలు, ఆపరేటింగ్ సిస్టముల కోడు ఎవరి అధీనంలో ఉండాలన్న చర్చ 1990ల నుంచి తెలుగువారి మధ్య సాగుతోంది. కోడును కంపెనీ తన దగ్గరే ఉంచుకుని, వాడుకునే హక్కును మాత్రమే అమ్మితే అది యాజమాన్య సాఫ్ట్‌వేర్. ఎవరైనా చదివి, మార్చి, పంచుకునే వీలిచ్చే లైసెన్సుతో విడుదల చేస్తే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లేదా ఓపెన్ సోర్స్. అమెరికాలో ఈ వాదం ప్రోగ్రామర్ల హక్కుల చుట్టూ మొదలైంది. తెలుగులో అది అక్షరాల దగ్గర మొదలైంది. ఒక దుకాణంలో టైపు చేసిన తెలుగు మరో కంప్యూటర్‌లో చదవడానికి వీలవుతుందా లేదా అన్నదే ఇక్కడి తొలి ప్రశ్న.

ప్రపంచ నేపథ్యం

1960ల చివరి దాకా సాఫ్ట్‌వేర్‌కు చాలావరకు విడిగా ధర ఉండేది కాదు, యంత్రంతో పాటే వచ్చేది. 1969 జూన్‌లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కు, సేవలకు వేరుగా వెల కట్టనున్నట్లు ప్రకటించింది. 1976 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్‌కు చెందిన బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచిపరులకు బహిరంగ లేఖ రాస్తూ, తమ బేసిక్ ప్రోగ్రామును డబ్బు చెల్లించకుండా నకలు చేసుకోవడం దొంగతనమేనని వాదించారు. దీనికి ఎదురుదారి పట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో, స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ ప్రాజెక్టు నుంచి 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు కాపీరైట్ చట్టాన్నే సాధనంగా వాడుకుంది. ఈ లైసెన్సు కింద కోడు తీసుకుని మార్చి పంచేవారు తమ మార్పులను కూడా అదే షరతులతో ఇవ్వాలి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లైనక్స్ కెర్నల్ మరుసటి ఏడాది ఈ లైసెన్సు కిందికి వచ్చింది.

1998లో కొందరు ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరును ముందుకు తెచ్చి, దాని నిర్వచనాన్ని కాపాడేందుకు ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థను స్థాపించారు. స్టాల్‌మన్ వర్గం నైతిక హక్కు గురించి మాట్లాడితే, వీరు నాణ్యత, వ్యాపార లాభం గురించి మాట్లాడారు. లైసెన్సులలోనూ అలాంటి తేడానే ఉంది. జీపీఎల్ మార్పులను పంచుకోమని బలవంతం చేస్తుంది. బీఎస్‌డీ, ఎంఐటీ, అపాచీ లైసెన్సులు అలా కోరవు కాబట్టి ఆ కోడును యాజమాన్య ఉత్పత్తిలోనూ కలుపుకోవచ్చు.

భారతీయ చట్టం

1957 కాపీరైట్ చట్టానికి 1984లో చేసిన సవరణ కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల జాబితాలో చేర్చింది. 1994 సవరణతో వచ్చిన 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ నకలని తెలిసీ ప్రోగ్రామును వాడితే 7 రోజులకు తగ్గకుండా, 3 సంవత్సరాలకు మించకుండా జైలుశిక్ష పడవచ్చు. మరోవైపు ఇతర ప్రోగ్రాములతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం కోసం కోడును పరిశీలించే హక్కును 52వ సెక్షన్ కాపాడుతుంది.

పేటెంటు చట్టంలోని 3(కె) సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రాముకు ‘దానంతటదిగా’ పేటెంటు ఇవ్వరాదంటుంది. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ఈ నిషేధాన్ని సడలించబోయింది. పార్లమెంటు 2005లో ఆమోదించిన చట్టంలో ఆ సడలింపు లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు, వామపక్షాలు దీన్ని తమ విజయంగా భావించాయి.

ఖతుల విషయంలో చట్టం మరింత చిక్కుగా ఉంటుంది. అక్షర రూపం వేరు, దాన్ని తెరపై గీసే ఫైలు వేరు. 2002లో కాపీరైట్ బోర్డు ఒక కేసులో అక్షర రూపాలకు కాపీరైట్ నమోదును నిరాకరించింది. ఫైలును ప్రోగ్రాముగా చూపి రక్షణ కోరే వీలు మాత్రం కంపెనీలకు మిగిలింది.

మూసిన ఖతుల కాలం

తెలుగుకు 1991లో వెలువడిన, ప్రపంచ లిపులన్నింటికీ ఉమ్మడి సంకేతపట్టిక అయిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే చోటు దక్కింది. అదే ఏడాది భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ సంకేతపట్టికను ప్రమాణంగా ప్రకటించింది. అయినా డీటీపీ (కంప్యూటర్‌తో అచ్చుపేజీల కూర్పు) రంగం ఈ రెండింటి కోసమూ ఆగలేదు. అను, శ్రీలిపి వంటి యాజమాన్య ప్యాకేజీలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చి, పేజ్‌మేకర్‌లో పనిచేసేలా చేశాయి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు, కవితా సంపుటాలు ఏళ్ల తరబడి ఇలాగే తయారయ్యాయి.

ఈ పద్ధతిలో ఒక్కో కంపెనీ సంకేతాలు ఒక్కో రకం. అను ఖతిలో కూర్చిన పేజీని ఆ ఖతి లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే కనిపిస్తాయి. దినపత్రికల వెబ్‌సైట్లదీ అదే దారి. ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ సొంత ఖతులను వాడేవి. అక్కడి వార్తను వెతకాలన్నా, వేరేచోట అతికించాలన్నా వీలయ్యేది కాదు. రచయిత రాత మీద హక్కు రచయితదే అయినా, దాన్ని చదివించే తాళం ఖతి అమ్మినవారి దగ్గర ఉండిపోయింది. లైసెన్సు వాదం తెలుగు పాఠకుడికి తగిలింది ఇక్కడే.

అమెరికాలోని తెలుగు విద్యార్థులు మరో దారి తొక్కారు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి రోమన్ లిపిలో తెలుగును ఒక క్రమంలో రాసే వీలు కల్పించింది. అది బహిరంగ పద్ధతి కావడంతో తర్వాత వచ్చిన టైపింగ్ పరికరాలు దాన్ని అడ్డంకి లేకుండా స్వీకరించాయి.

యూనికోడ్, స్వేచ్ఛా ఖతులు

2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఖతి వచ్చింది. యూనికోడ్ బహిరంగ ప్రమాణమే అయినా గౌతమి మాత్రం మైక్రోసాఫ్ట్ ఆస్తి, దాన్ని మార్చడానికి గానీ పంచడానికి గానీ అనుమతి లేదు. ప్రమాణం తెరిచి ఉన్నంత మాత్రాన పరికరం తెరిచి ఉన్నట్టు కాదని దీనితో తేలింది.

ఆ లోటును మొదట పూరించినవారిలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు ముఖ్యులు. ఆయన రూపొందించిన పోతన2000, వేమన2000 ఖతులు జీపీఎల్ కింద విడుదలై డెబియన్, ఫెడోరా వంటి లైనక్స్ పంపిణీల్లో చేరాయి. రెడ్ హ్యాట్ 2004లో తన లోహిత్ ఖతులను జీపీఎల్ కిందే ఇచ్చింది. అయితే ఖతికి జీపీఎల్ వర్తింపజేస్తే, ఆ ఖతిని పొదిగిన పీడీఎఫ్ పుస్తకానికీ అదే లైసెన్సు అంటుకుంటుందా అన్న సందేహం వచ్చింది. అందుకే పోతన, వేమన ఖతుల లైసెన్సులో ప్రత్యేక మినహాయింపు చేర్చారు. ఖతుల కోసమే తయారైన ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఈ చిక్కును విడదీసింది. 2007 నాటి దాని 1.1 వెర్షన్ ప్రకారం ఖతిని ఏ పుస్తకంలోనైనా వాడవచ్చు, మార్చవచ్చు. కానీ ఖతిని మాత్రమే విడిగా అమ్మకూడదు, మార్చిన ఖతినీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. లోహిత్ 2011లోనూ, గూగుల్ నోటో ఖతులు 2015లోనూ ఈ లైసెన్సుకు మారాయి.

సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన ఖతులతో తెలుగుకు పెద్ద మేలు జరిగింది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, పెద్దన, తిమ్మన, మల్లన్న వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. వాటిలో కొన్నింటి ఇంగ్లిష్ అక్షరాలను ఇతర రూపకర్తల స్వేచ్ఛా ఖతుల నుంచి తీసుకున్నారు. ఒకరి పనిపై మరొకరు అనుమతి అడగకుండానే కట్టుకుంటూ పోయే వీలు ఈ లైసెన్సులో ఉంది.

పాత ఖతుల్లో చిక్కుకున్న రాతను విడిపించడానికి వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రాసి జీపీఎల్ కింద ఇచ్చారు. అది పత్రికల సొంత సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చేది. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియా ఆవిర్భావంలోనూ ఆయన పాత్ర ఉంది. వీవెన్ తయారుచేసిన లేఖిని, రోమన్ అక్షరాలతో తెలుగు టైపు చేయడాన్ని సామాన్యులకు అలవాటు చేసింది.

హైదరాబాద్: రెండు శిబిరాల నగరం

1998లో మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. అదే ఏడాది నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. యాజమాన్య సాఫ్ట్‌వేర్ తెలుగు యువతకు ఉద్యోగంగా, రాష్ట్రానికి ప్రతిష్ఠగా కనిపించిన కాలమది.

మరోవైపు 2003 మేలో పుణేలో మాట్లాడిన రాష్ట్రపతి అబ్దుల్ కలాం, భారత్ వంటి దేశానికి ఓపెన్ సోర్స్ మేలని, బిల్ గేట్స్‌తో తన సంభాషణలో ఈ విషయంలో అభిప్రాయభేదం వచ్చిందని చెప్పారు. ఆ దశకం మధ్యలో హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ రూపుదిద్దుకుంది. అది తెలుగు మెనూలున్న లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమును తయారుచేసి, ఇంజనీరింగ్ కళాశాలల్లో ‘గ్లగ్’లనే విద్యార్థి బృందాలను నడిపింది. 2010లో ఏర్పడిన భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో అది భాగస్వామి.

2001లో లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్థానంలోకి 2014లో హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల వచ్చారు. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ తన డాట్‌నెట్ కోడును తెరిచింది. 2018లో గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. శత్రుత్వం పోయిందని కొందరు సంతోషించారు. స్వేచ్ఛా కోడుకు నిలయమైన వేదికే ఒక కంపెనీ ఆస్తి అయిందని కొందరు హెచ్చరించారు.

ప్రభుత్వ విధానం

కేంద్రం 2010 నవంబరులో ఈ-పాలనకు బహిరంగ ప్రమాణాల విధానాన్ని తెచ్చింది. 2015 మార్చిలో ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలనే విధానం వచ్చింది. అయితే తగిన కారణం చూపి యాజమాన్య సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవచ్చు. 2020 మేలో కోవిడ్ సంపర్కాలను గుర్తించే ఆరోగ్యసేతు యాప్ ఆండ్రాయిడ్ కోడును బయటపెట్టినప్పుడు, సర్వర్ కోడు కూడా చూపిస్తేనే పారదర్శకత పూర్తవుతుందని విమర్శకులు అన్నారు. పాఠశాలల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విస్తృతంగా ప్రవేశపెట్టిన కేరళను తెలుగు ఉద్యమకారులు తరచూ ఉదాహరణగా చూపుతారు.

రెంజల్, బోధన్ ప్రాంతం

ఈ వివాదం పలు భాషలున్న చోట ఎలా ఉంటుందో నిజామాబాద్ జిల్లా చూపుతుంది. అక్కడ మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న రెంజల్, బోధన్ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. ఇలాంటి చోట అచ్చుపనికి ఒక్క ఖతి చాలదు. తెలుగుకు అను, శ్రీలిపి ఎలాగో, ఉర్దూకు 1990లలో ఢిల్లీ సంస్థ తెచ్చిన ఇన్‌పేజ్ అలాగ. నస్తాలీక్ లిపిని అందంగా కూర్చిన ఈ యాజమాన్య ప్యాకేజీ కూడా తన ఫైళ్లను తన పద్ధతిలోనే దాచుకునేది. ఒకే శుభలేఖలో రెండు భాషలు కావాలంటే ఒకదానితో ఒకటి మాట్లాడని రెండు ప్యాకేజీలు కావలసి వచ్చేవి. యూనికోడ్‌లో రెండు లిపులూ ఒకే ఫైలులో ఇముడుతాయి. నోటో నస్తాలీక్ ఉర్దూ, నోటో తెలుగు రెండూ ఇప్పుడు ఒకే స్వేచ్ఛా లైసెన్సు కింద దొరుకుతున్నాయి.

రాతకూ ఇదే వర్తిస్తుంది. తెలుగు వికీపీడియాలో రెంజల్ మండలం గురించి, గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి గురించి పేజీలున్నాయి. వికీపీడియా వ్యాసాలు 2009 నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. కాబట్టి అక్కడి బడి పంతులు గానీ స్థానిక పత్రిక గానీ మూలాన్ని పేర్కొని, అదే లైసెన్సుతో వాటిని అచ్చువేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా.

దొంగ నకళ్ల ప్రభావం

సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమి బీఎస్ఏ అంచనా ప్రకారం 2011లో భారత్‌లో కంప్యూటర్లలోకి ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 63 శాతం లైసెన్సు లేనిదే. విండోస్, పేజ్‌మేకర్, ఖతుల ప్యాకేజీలు ఎలాగూ ఊరికే దొరుకుతున్నప్పుడు ధర గురించిన వాదన వినేవారు తగ్గారు. దీనివల్ల రెండు శిబిరాలూ నష్టపోయాయి. ఖతి తయారుచేసిన చిన్న సంస్థకు ప్రతిఫలం రాలేదు. స్వేచ్ఛా పరికరాలకు మారాలన్న ఒత్తిడీ పుట్టలేదు. దొంగ నకలు డబ్బు మిగిల్చింది గానీ, మూసిన ఫైలును తెరవలేకపోయింది.

కొత్త వివాదాలు

క్లౌడ్ సేవలు పెరిగాక గొడవ దిశ మారింది. తమ స్వేచ్ఛా కోడుతో పెద్ద క్లౌడ్ కంపెనీలు లాభాలు గడిస్తూ తిరిగి ఏమీ ఇవ్వడం లేదంటూ మంగోడీబీ 2018లో, ఎలాస్టిక్ 2021లో, హాషికార్ప్ 2023లో, రెడిస్ 2024లో లైసెన్సులను బిగించాయి. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో స్వేచ్ఛా లైసెన్సు ఏజీపీఎల్‌ను మళ్లీ చేర్చాయి.

కృత్రిమ మేధతో మరో ప్రశ్న వచ్చింది. 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం నమూనాతో పాటు కోడు, శిక్షణ సమాచారపు వివరాలు కూడా తెరిచి ఉండాలి. మెటా లామా నమూనాలు వాడకంపై పరిమితులు పెడుతున్నందున ఓపెన్ సోర్స్ కావని ఆ సంస్థ అంటోంది. తెలుగులో స్వేచ్ఛ సంస్థ విద్యార్థుల సాయంతో చందమామ కథల ఆధారంగా ఒక భాషా నమూనాను రూపొందించింది. పాత కథలపై కాపీరైట్ ఎవరిది, వాటితో శిక్షణ పొందిన నమూనాపై హక్కు ఎవరిది అన్న అంశం భారత చట్టంలో ఇంకా తేలలేదు.

ప్రస్తుత స్థితి

వెబ్‌లోనూ ఫోన్లలోనూ తెలుగు దాదాపు పూర్తిగా యూనికోడ్‌కు మారింది, వాటికి స్వేచ్ఛా ఖతులు సమృద్ధిగా ఉన్నాయి. అచ్చు రంగం మాత్రం ఇంకా చాలావరకు పాత యాజమాన్య ఖతుల మీదే నడుస్తోంది. 1990ల నుంచి కూర్చిన వేలాది తెలుగు పుస్తకాల ఫైళ్లు ఇప్పటికీ ఆ సంకేతాల్లోనే ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుతప్పులు సరిచూస్తే తప్ప వాటిలోని పాఠాన్ని వెతకడానికి గానీ తిరిగి వాడుకోవడానికి గానీ వీలు లేదు.