రొట్టె ఏ జిల్లాది?

2022 ఏప్రిల్ 4న మన సూళ్లూరుపేట, శ్రీహరికోట నెల్లూరు నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో కలిశాయి. ఆ తర్వాత మన ప్రాంతపు పండగల మీద వచ్చిన ఒక వ్యాసం చదివాను. చెంగాళమ్మ జాతర ఉంది, ఫ్లెమింగోల పండగ ఉంది, మొహర్రానికి నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండగ లేదు. అదేమని అడిగితే, "అది నెల్లూరు వాళ్లది కదా" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు.

1971 అక్టోబరు 9న మన శ్రీహరికోట దీవి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ తర్వాత కొన్నేళ్లకు నాన్నకు అక్కడి రాకెట్ కేంద్రమైన షార్‌లో ఉద్యోగం దొరకాలని దాదీ స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె అందుకుంది. ఉద్యోగం వచ్చింది. మరుసటి మొహర్రానికి ముందు రాత్రి గోధుమపిండి తడిపి, తెల్లవారకముందే రొట్టెలు కాల్చి, ఉతికిన తెల్లగుడ్డలో మూటకట్టింది. అటకానితిప్ప దాటి పేటకెళ్లి, రైలెక్కి నెల్లూరు చేరాం. మోకాలి లోతు నీళ్లలో కొంగు తలమీద కప్పుకుని, "ఉద్యోగ రొట్టె, ఉద్యోగ రొట్టె" అని పిలిచింది. బొట్టు పెట్టుకున్న ఒకామె చేయి చాచింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికొచ్చాక దాదీ చేసిన సేమ్యా పాయసం వీధిలో అన్ని గడపలకూ వెళ్లింది.

ఈ పండగను ఆర్కాటు నవాబు మొదలుపెట్టాడని చాలామంది రాస్తారు. కొందరు సంవత్సరం కూడా తగిలిస్తారు. నేను ఒప్పుకోను. కథ సరిగా వినండి. చెరువులో బట్టలుతికే చాకలి దంపతుల్లో భార్యకు, అక్కడ సమాధి అయిన పన్నెండుమంది షహీదులు కలలో కనిపించి, తమ సమాధుల మట్టి నవాబు బేగం నుదుట రాస్తే జబ్బు నయమవుతుందన్నారు. నయమయ్యాకే నవాబు మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. అంటే కబురు మోసింది చాకలామె. రొట్టె పొంది కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి ఇవ్వాలన్న కట్టుబాటును ఇన్నేళ్లూ నిలబెట్టింది ఆడవాళ్లే. ఆ గౌరవం నవాబుకు రాసివ్వడం అన్యాయం.

మొహర్రం శోకమాసం కదా, సంబరమేమిటని అడిగేవారూ ఉన్నారు. హిజ్రీ 61లో కర్బలాలో హుసేన్ ప్రాణమిచ్చిన నెల ఇది. మా ఇంట్లో ఆ కథ చెప్పుకుని కళ్లు తుడుచుకుంటాం. అమరుల పేరున ఒకరి ఆకలి, ఒకరి ఆశ తీర్చడం ఆ దుఃఖానికి మర్యాదే.

దాదీ ఇప్పుడు లేదు. పోయిన మొహర్రంలో మా అబ్బాయి కోసం నేను చదువు రొట్టె అందుకున్నాను. వాడికి సీటొచ్చింది. ఈ ఏడు నేనొక రొట్టె బాకీ. మన ప్రాంతపు పండగల జాబితా మళ్లీ రాసేవాళ్లు పండగనాటి తెల్లవారుజామున సూళ్లూరుపేట స్టేషన్‌కు రండి. తెల్లగుడ్డ మూటలు ఎన్ని బండెక్కుతాయో లెక్కపెట్టుకుని రాయండి.